లయ ఒక సగం, చోటు ఒక సగం

హైదరాబాద్ పాతబస్తీలో ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుని సంస్మరణ సభలో చేసిన ఉపన్యాస పాఠం



మనం ఇవాళ స్మరించుకుంటున్న సార్ ఈ పాతబస్తీలో తరతరాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పారు. తెలుగు మీడియం వాళ్లకు తెలుగులో, ఉర్దూ మీడియం వాళ్లకు ఉర్దూలో, అందరూ కలిసే ప్రాక్టికల్స్ గదిలో రెండూ కలిపి చెప్పేవారు. ఆ గదిలో ఆయనది ఒకటే పట్టు. రీడింగు పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయాలి. చెరపకూడదు, కాగితం చింపకూడదు. అనుకున్న జవాబు రాలేదని అంకె మార్చకూడదు. ఇవాళ మనకు అక్కరకు రాని అంకె రేపు ఇంకెవరికో అక్కరకొస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంత నిజమో నాకు బాగా తెలిసిన ఒక శాస్త్రం చరిత్రతో చూపించడమే నేను ఆయనకు ఇవ్వగలిగిన నివాళి.

అంతరిక్షంలో కొన్ని తారలు ఎక్స్‌రే కిరణాలను నాడి కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా వెదజల్లుతాయి. వాటిని ఎక్స్‌రే పల్సార్లు అంటాం. అలాంటిది ఒకటి ఉందని కనుక్కోవడం ఒక్క రాత్రిలో అయిపోవచ్చు. అది ఏమిటో గుర్తుపట్టడానికి ఒక తరం పట్టొచ్చు. గుర్తుపట్టాలంటే దాని లయ తెలియాలి, ఆకాశంలో అది సరిగ్గా ఏ చోట ఉందో తెలియాలి. లయ ఒక సగం, చోటు ఒక సగం. ఈ రెండు రకాల పనిలోనూ మన ఊరు చెయ్యి వేసింది. ఆ సంగతి ఈ గల్లీల్లో పెరిగే పిల్లలకు తెలియాలన్నదే నా తపన.

ఫిసల్‌బండ టెలిస్కోప్

మనం కూర్చున్న చోటికి దగ్గర్లోనే ఉంది ఫిసల్‌బండ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే అమీరు ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టారు. ఆ వేధశాలకు నిజామియా అని పేరు పెట్టడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతి కోరారు. తన తర్వాత దాన్ని ప్రభుత్వం చేపట్టాలని కూడా ఆయన కోరిక. 1907లో ఆయన కన్నుమూశారు. 1908లో ప్రభుత్వం వేధశాలను తీసుకుని బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

బేగంపేటలో ఆ వేధశాల నెత్తికెత్తుకున్నది మహా ఓపిక కావలసిన పని. ఆకాశం మొత్తాన్ని పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాల ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం చోటును కొలిచి అచ్చువేయాలని 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వంతు. అక్కడ పని సాగలేదు. దాన్ని హైదరాబాద్ తీసుకుంది. 8 అంగుళాల ఫొటో టెలిస్కోప్‌తో గాజుపలకల మీద ఆకాశాన్ని పట్టడం, ఆ పలకను కొలత యంత్రం కింద పెట్టి ఒక్కో చుక్క ఎటు ఎంత దూరంలో ఉందో చదవడం, రిజిస్టర్లలో ఎక్కించడం, ఇలా ఏళ్లకేళ్లు గడిచాయి. ఆ పట్టీ పూర్తయ్యాక, జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగాన్నీ హైదరాబాదే చేసిపెట్టింది. లక్షల నక్షత్రాల చిరునామాలు మన ఊరి నుంచి సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిని కొలిచినవాళ్లకు ఆ అంకెలు ఎవరికి ఎప్పుడు అక్కరకొస్తాయో తెలియదు. తెలియకుండానే జాగ్రత్తగా రాశారు.

కంటికి అందని ఆకాశం

ఎక్స్‌రే అనగానే మనకు ఉస్మానియా ఆసుపత్రిలో ఎముక విరిగినప్పుడు తీసే ఫిల్మ్ గుర్తొస్తుంది. అవే కిరణాలు ఆకాశం నుంచి కూడా వస్తాయి. కాని మన నెత్తిన ఉన్న గాలి వాటిని నేల దాకా రానివ్వదు. నేలమీద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలోకు పైగా గాలి బరువుంది. ఎక్స్‌రేకి అది దళసరి గోడే. అందుకే ఈ ఆకాశాన్ని చూడాలంటే పరికరాన్ని పైకి పంపాలి.

1962 జూన్ 18న అమెరికాలో రికార్డో జకోనీ, బ్రూనో రోసీల బృందం ఒక చిన్న రాకెట్‌లో ఎక్స్‌రే కౌంటర్లు పెట్టి ఎగరేసింది. రాకెట్ గాలి పైన ఉండేది కొన్ని నిమిషాలే. ఆ కొద్దిసేపట్లోనే వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత ఎక్స్‌రే వెల్లువ కనిపించింది. దానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. సౌరకుటుంబం బయట మనిషికి దొరికిన మొదటి ఎక్స్‌రే తార అది. జకోనీకి 2002లో నోబెల్ బహుమతి తెచ్చిన పని అక్కడే మొదలైంది.

తార దొరికింది, చిరునామా దొరకలేదు. ఆనాటి కౌంటర్లు చూపించిన మేరలో వేల నక్షత్రాలున్నాయి. వాటిలో ఏది? జపాన్ శాస్త్రజ్ఞుడు మినోరు ఓడా సన్నని తీగల జాలీలను ఒకదాని వెనక ఒకటి పెట్టే ఉపాయం కనిపెట్టాడు. పరికరం కదులుతుంటే తీగల నీడలు ఎక్స్‌రేని ఆపుతూ, వదులుతూ పోతాయి. ఆ హెచ్చుతగ్గుల నుంచి తార ఉన్న చోటును చాలా ఇరుకు మేర దాకా లెక్కగట్టొచ్చు. 1966 మార్చిలో ఎగిరిన రాకెట్ ఆ చోటు చెప్పింది. టోక్యో, పాలోమార్ వేధశాలలు అక్కడ వెతికి, వింత నీలి రంగులో ఉన్న, వెలుగు లెక్కలో 13వ తరగతి చుక్క ఒకదాన్ని పట్టుకున్నాయి. ఆ చోటు కొలిచిన వ్యాసంలోనూ, ఆ చుక్కను గుర్తుపట్టిన వ్యాసంలోనూ రచయితల జాబితాలో ఒక భారతీయుని పేరుంది: బి.వి.శ్రీకంఠన్.

శ్రీకంఠన్ గారు మైసూరు దగ్గర నంజనగూడులో 1925లో పుట్టారు. హోమీ భాభా పిలుపుతో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో, అంటే టీఐఎఫ్ఆర్‌లో చేరారు. కోలారు బంగారు గనుల అడుగుకు దిగి విశ్వకిరణాలను కొలిచారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో రోసీ బృందంతో పనిచేసి, తిరిగి వచ్చి ఈ శాస్త్రాన్ని ఇక్కడ నాటారు. ఆయన నాటిన చోటు హైదరాబాద్.

హైదరాబాదే ఎందుకు?

పెద్ద ప్లాస్టిక్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, కింద పరికరం వేలాడదీసి వదిలితే అది సుమారు 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ పైన మిగిలే గాలి చదరపు సెంటీమీటరుకు మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. శక్తి తక్కువ ఎక్స్‌రేని ఆ కాస్త గాలి కూడా మింగేస్తుంది గాని, 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన గట్టి ఎక్స్‌రే దిగివస్తుంది. రాకెట్ నిమిషాల్లో కూలిపోతే బెలూన్ గంటలు గంటలు తేలుతూ చూడగలదు.

మన ఊరి అనుకూలతలు రెండు. ఒకటి, మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి విశ్వకిరణాలను దూరంగానే మళ్లిస్తుంది. కౌంటర్లలో అనవసరపు గోల తగ్గుతుంది. రెండోది మన అక్షాంశం, 17 డిగ్రీల పైచిలుకు. వృషభ రాశిలోని క్రాబ్ నెబ్యులా మన నడినెత్తికి ఐదు డిగ్రీలైనా ఎడం లేకుండా దాటిపోతుంది. పాలపుంత నడిమి వైపు ఉన్న జీఎక్స్ 1+4 అనే పల్సార్ ఇక్కడ నడినెత్తి నుంచి 42 డిగ్రీల దాకా వస్తుంది. అమెరికాలోని ప్రసిద్ధ బెలూన్ కేంద్రం టెక్సస్‌లోని పాలెస్టైన్ నుంచి చూస్తే అది 56 డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది. అంత వాలుగా వచ్చే కిరణం ఎక్కువ గాలి గుండా రావాలి. అంటే వృశ్చిక, ధనూ రాశుల్లోని ఎక్స్‌రే తారలను చూడడానికి హైదరాబాద్ మేలైన చోటు.

అడ్డంకీ ఒకటుంది. ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్ల ఎత్తున గాలి మైనస్ 80 డిగ్రీల దాకా చల్లబడుతుంది. పాలిథిన్ పొర అక్కడ పెళుసెక్కి చిట్లుతుంది. ఆ చలిని తట్టుకునే పొరను ఎంచి, తయారుచేయించుకుని, బెలూన్లు ఇక్కడే అతికించుకోవడం టీఐఎఫ్ఆర్ వాళ్లు నేర్చుకున్నారు. మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ నుంచే బెలూన్లు లేచేవి. 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వత కేంద్రం ఏర్పడింది.

ఆ ఎగురవేత ఎలా ఉంటుందో పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. నేలగాలి సద్దుమణిగే వేళ, తెల్లవారుజామున పని మొదలవుతుంది. మైదానంలో పొడవునా పరిచిన బెలూన్ పై కొసలో మాత్రమే హైడ్రోజన్ నింపుతారు. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి ఆ వాయువు దాదాపు మూడు వందల రెట్లు ఉబ్బుతుంది. అందుకని కింద నుంచి చూస్తే బెలూన్ చాలా భాగం ఖాళీగా, ముడతలుగా వేలాడుతుంది. బెలూన్, దాని కింద పారాషూట్, దాని కింద పరికరాల పెట్టె. వదిలాక నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కుతూ రెండు గంటల పైన పడుతుంది పైకి చేరడానికి. పరికరం ఏ తారను చూడాలో ఆ వైపు తిరుగుతుంది, కాసేపటికి పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని చూస్తుంది, మళ్లీ తార వైపు తిరుగుతుంది. రెండింటి తేడాయే తార పంపిన ఎక్స్‌రే. పని ముగిశాక రేడియో ఆజ్ఞతో పెట్టెను విడదీస్తారు. అది పారాషూట్‌తో ఏ చేలోనో, చెరువు గట్టునో దిగుతుంది. దొరికితే తెరవొద్దని, దగ్గరి పోలీసు స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చేయమని కేంద్రం ముందే పత్రికల్లో ప్రకటిస్తుంది. దొరికిన పెట్టె గురించి కబురుచేసిన ప్రతి రైతూ ఈ శాస్త్రంలో భాగస్వామే.

1968లో హైదరాబాద్ నుంచి ఎక్స్‌రే బెలూన్లు లేచాయి. తొలి గురి స్కార్పియస్ ఎక్స్-1 మీదే. శ్రీకంఠన్, పి.సి.అగ్రవాల్, వారి సహచరులు దాని గట్టి ఎక్స్‌రే తీవ్రతను, హెచ్చుతగ్గులను కొలిచారు. 1971లో సిగ్నస్ ఎక్స్-1ను చూసి, దాని ప్రకాశం ఎంత వేగంగా మారుతోందో నమోదు చేశారు.

లయ పట్టుకోవడం

1970 డిసెంబరు 12న కెన్యా తీరంలోని సముద్ర వేదిక నుంచి ఉహురు ఉపగ్రహం లేచింది. కేవలం ఎక్స్‌రే ఆకాశం కోసమే పంపిన మొదటి ఉపగ్రహం అది. నిమిషాల చూపు కాస్తా నెలలు, ఏళ్ల చూపు అయింది. 1971లో అది సెంటారస్ ఎక్స్-3 వైపు చూసినప్పుడు లెక్కలు ఒక క్రమంలో లేచి పడుతున్నాయి. 4.84 సెకన్లకొకసారి.

గోలలోంచి లయను ఏరడం ఎలా? లాల్‌దర్వాజా బోనాల నాడు వీధంతా కేకలు, మైకులు, మోటార్ల హోరు. అయినా రెండు గల్లీల అవతల ఉన్నవాడికి డప్పు తెలుస్తుంది. ఏ ఒక్క దెబ్బా పెద్దది కానక్కర్లేదు. వేళ తప్పకుండా పడుతుంది కాబట్టి తెలుస్తుంది. మేము లెక్కలో చేసేదీ అదే. కౌంటర్‌కు తగిలిన ప్రతి ఎక్స్‌రే ఏ క్షణాన తగిలిందో రాసుకుంటాం. ఆ కాలపట్టికను 4.84 సెకన్ల ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. అసలు లయ అదే అయితే శిఖరం శిఖరం మీద పడి పెరుగుతుంది, గోల గోలతో కలిసి చదునవుతుంది. లయ తప్పు ఊహిస్తే అంతా చదునే. రెండు నిమిషాల కాలం ఉన్న పల్సార్‌ను బెలూన్ మూడు గంటలు చూస్తే 90 ఆవృత్తాలు పేర్చొచ్చు. ఒక్కో ఆవృత్తంలో ఏమీ కనిపించని చోట, తొంభై కలిస్తే ఆకారం తేలుతుంది.

దొరికిన ప్రతి లయా తారది కాదు. పెట్టె తాళ్ల మీద ఊగితే ఒక లయ పుడుతుంది. ఉపగ్రహం తిరిగితే ఒకటి పుడుతుంది. యాదృచ్ఛికంగా కూడా పుడుతుంది. 1971లో సిగ్నస్ ఎక్స్-1 కూడా పల్సార్ అని ఉహురు బృందమే ప్రకటించింది. మళ్లీ మళ్లీ చూస్తే ఆ లయ నిలవలేదు. అవి క్రమం లేని మిణుకులని తేలింది. కాలక్రమంలో అది కృష్ణబిలమని శాస్త్రలోకం ఒప్పుకుంది. కౌంటర్ మార్చినా, రోజు మారినా, శక్తి పట్టీ మారినా నిలిచి, దగ్గరి ఖాళీ ఆకాశం మీద మాయమై తార మీదే కనిపిస్తే, అప్పుడే లయను నమ్మాలి. స్కార్పియస్ ఎక్స్-1లో పల్సార్ లయ కోసం దశాబ్దాలుగా వెతికారు, ఇప్పటికీ దొరకలేదు. దొరకలేదని రాయడం కూడా శాస్త్రమే.

సెంటారస్ ఎక్స్-3 లయ నిలిచింది. నిలిచాక ఇంకో సంగతి బయటపడింది. 4.84 సెకన్ల కాలం సుమారు 0.0067 సెకను మేర పెరుగుతూ తగ్గుతూ ఉంది, 2.087 రోజులకొక చుట్టుగా. ప్రతి చుట్టులోనూ దాదాపు అర రోజు ఎక్స్‌రే పూర్తిగా మాయం. దీని అర్థం ఇది: తార మన వైపు వస్తున్నప్పుడు స్పందనలు త్వరగా అందుతాయి, దూరంగా పోతున్నప్పుడు ఆలస్యంగా అందుతాయి. అంటే అది మరో పెద్ద తార చుట్టూ తిరుగుతోంది, ఆ తార వెనక్కి పోయినప్పుడు గ్రహణం పడుతోంది. కాలంలో వచ్చిన మార్పును కాలంతో భాగించి కాంతి వేగంతో హెచ్చవేస్తే కక్ష్యలో వేగం సెకనుకు సుమారు 415 కిలోమీటర్లు. కక్ష్య వ్యాసార్థం కాంతికి దాదాపు 40 సెకన్ల దూరం. ఇంటర్ చదివే పిల్లలు చేయగల లెక్క ఇది. ఎవరూ కంటితో చూడని జంట తారను ఒక్క గడియారంతో తూచారు.

మరి ఆ తిరిగేది ఏమిటి? 4.84 సెకన్లకొకసారి తనచుట్టూ తాను తిరిగినా చెదిరిపోకుండా, అంత ఎక్స్‌రే వెదజల్లేది న్యూట్రాన్ తార. సూర్యుడికన్నా ఎక్కువ పదార్థం, వ్యాసం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఇంచుమించు ఇక్కడి నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా. జంట తార నుంచి జారే వాయువు కాంతి వేగంలో సగం దాకా వేగం పుంజుకుని దాని మీద పడుతుంది. పడే ప్రతి కిలోకూ హైడ్రోజన్ సంలీనం ఇచ్చేదానికన్నా పదింతలకు మించిన శక్తి విడుదలవుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఆ వాయువును ధ్రువాల దగ్గరకు మళ్లిస్తుంది. అక్కడ కోట్ల డిగ్రీల వేడి. తార తిరిగేకొద్దీ ఆ వేడి ధ్రువం మన వైపు వస్తూ పోతూ ఉంటుంది. అదే స్పందన.

చోటు, పాత గాజుపలకలు

ఇక రెండో సగం. ఉహురు చూపిన మేరలో సెంటారస్ ఎక్స్-3 జంట తార ఏది? 1974లో పోలండ్ శాస్త్రజ్ఞుడు వోయిచెక్ క్షెమిన్‌స్కీ చిలీ నుంచి చూస్తూ, ఆ మేరలో ఒక మసక చుక్క వెలుగు సరిగ్గా 2.087 రోజులకొకసారి మారుతోందని పట్టుకున్నాడు. అంకె అంకెకు సరిపోయింది. లయ చెప్పిన సాక్ష్యంతోనే చోటు తేలింది. ఆ తారను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

హెర్క్యులిస్ ఎక్స్-1 కథ నా మనసుకు ఇంకా దగ్గరిది. 1.24 సెకన్ల స్పందన, 1.7 రోజుల కక్ష్య, 35 రోజుల మరో చక్రం. 1972లో దాని జంట హెచ్‌జెడ్ హెర్క్యులిస్ అనే తార అని తేలింది. వెలుగు మారే తారగా దాన్ని జర్మనీలో 1930లలోనే నమోదు చేసి ఉంచారు. వెంటనే శాస్త్రజ్ఞులు హార్వర్డ్ వేధశాల గాజుపలకల భాండారానికి వెళ్లారు. 1890ల నుంచీ తీసిన పలకల్లో ఆ చుక్క ఉంది. వాటిని ఒక్కొక్కటీ కొలిస్తే, ఎక్స్‌రే వేడికి ఒక వైపు కాలి 1.7 రోజులకొకసారి మెరిసే ఆ తార జీవితం దశాబ్దాల వెనక్కి తెరుచుకుంది. కొన్నేళ్లపాటు ఆ మెరుపు ఆగిపోయిన కాలాలు కూడా కనిపించాయి. ఎక్స్‌రేని రాంట్‌జన్ కనుక్కోక ముందే మొదలైన ఫొటోల వరస అది. తీసినవాళ్లకు పల్సార్ అన్న ఊహే లేదు. మన నిజామియా వాళ్లు బేగంపేటలో చుక్క చుక్కనూ కొలిచినది ఈ తరహా పనే. వాళ్ల అంకెలకు విలువ వాళ్ల కాలంతో తీరిపోదు.

జీఎక్స్ 1+4ను 1970లో ఎంఐటీ వాళ్లు ఆస్ట్రేలియా నుంచి ఎగరేసిన బెలూన్‌తో కనుక్కున్నారు. దాని స్పందన రెండుంబావు నిమిషాల దాకా. 1970లంతా అది వేగం పుంజుకుంటూ పోయింది. కాలం 135 సెకన్ల నుంచి 110 సెకన్ల దాకా తగ్గింది. 1980ల తొలినాళ్లలో దాదాపు కనుమరుగైంది. 1987లో జపాన్ ఉపగ్రహం గింగా మళ్లీ పట్టుకునేసరికి, అది ఏటికేడు నెమ్మదిస్తోంది. మీద పడే పదార్థం తారను తోసేది, ఇప్పుడు వెనక్కి లాగుతోంది. ఇది ఎలా జరుగుతుందన్నది ఇప్పటికీ చర్చే. 1990ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్ నుంచి లేచిన బెలూన్లు, జినాన్ వాయువు నింపిన టీఐఎఫ్ఆర్ కౌంటర్లతో దాని స్పందనను కొలిచాయి. తార నడక మలుపు తిరిగిన ఆ ఏళ్ల లెక్కలో మన ఊరి రీడింగులున్నాయి. దాని జంట ఒక ఎర్రని మహాతార అని 1970లలోనే అనుకున్నా, చోటు కచ్చితంగా తేలి ఆ మాట స్థిరపడింది 1997లో. కనుక్కున్న 27 ఏళ్లకు.

బెలూన్ చేసిన మరో గొప్ప పని చెప్పి ఈ భాగం ముగిస్తాను. 1976లో యోఖిమ్ ట్రూంపర్ బృందం టెక్సస్ నుంచి బెలూన్ ఎగరేసి హెర్క్యులిస్ ఎక్స్-1 వర్ణపటంలో ఒక ప్రత్యేక రేఖను కనుక్కుంది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గిరగిరా తిరగడం వల్ల ఏర్పడే రేఖ అది. దాని శక్తిని బట్టి క్షేత్రం లెక్కగడితే లక్షల కోట్ల గాస్‌లు. మన భూమిది అర గాస్. ఒక న్యూట్రాన్ తార అయస్కాంత బలాన్ని మనిషి నేరుగా కొలిచింది అప్పుడే, అదీ గాలిలో తేలే ప్లాస్టిక్ సంచి కింద వేలాడదీసిన పరికరంతో.

శ్రీహరికోట దాకా

బెలూన్ల కింద పండిన చేతులే ఉపగ్రహాల పరికరాలు కట్టాయి. 1975లో ఆర్యభట్ట ఉపగ్రహంలోనే ఎక్స్‌రే పరికరం ఉంది. కరెంటు సరఫరా దెబ్బతిని కొద్ది రోజులకే ఆగినా, సిగ్నస్ ఎక్స్-1ను చూసింది. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి లేచిన ఐఆర్ఎస్-పీ3లో టీఐఎఫ్ఆర్, ఇస్రోలు కలిసి కట్టిన ఎక్స్‌రే కౌంటర్లు వెళ్లి, సెఫియస్ ఎక్స్-4 లాంటి పల్సార్ల లయను కొలిచాయి. 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ వెళ్లింది. అందులోని ల్యాక్స్‌పీసీ కౌంటర్లు మన బెలూన్లు మోసిన జినాన్ కౌంటర్ల వంశానివే. ప్రతి ఎక్స్‌రే తగిలిన క్షణాన్ని సెకనులో లక్షో వంతు దాకా రాస్తాయి. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ కూడా శ్రీహరికోట నుంచే లేచింది. ఎక్స్‌రే తరంగం ఏ దిక్కున ఊగుతోందో కొలవడం దాని పని. లయ, చోటు తెలిసిన పల్సార్ల లోపలి అమరిక తెలుసుకోవడానికి అది దారి.

ఆస్ట్రోశాట్ పనిలో ఒకటి మన విషయానికి అతికినట్టు సరిపోతుంది. 1993లో రోశాట్ ఉపగ్రహం దక్షిణాకాశంలో, మజెలాన్ మేఘాల దగ్గర, ఒక తార ఎక్స్‌రేలో భగ్గున వెలిగి ఆరడం చూసింది. తర్వాత 26 ఏళ్లు నిశ్శబ్దం. 2019 నవంబరులో అదే చోట మళ్లీ మంట లేచింది. ఈసారి చూసే గడియారాలు మెరుగైనవి, 9.3 సెకన్ల స్పందన దొరికింది. ఆస్ట్రోశాట్ ఆ స్పందనను గట్టి ఎక్స్‌రేలో కూడా నమోదు చేసింది. 1993లో చోటు సరిగ్గా రాసిపెట్టి ఉండబట్టి, 2019లో ఇది ఆ పాత తారేనని గుర్తుపట్టగలిగారు.

మన ముందున్న పని

ఈ శాస్త్రం నాకు నేర్పిన సత్యం ఒకటే. కనుక్కున్నవాడి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది గాని, గుర్తుపట్టడం అన్నది ఎందరో రాసిపెట్టిన లెక్కల మీద నిలబడుతుంది. చోటు రాసినవాడు, వేళ రాసినవాడు, దొరకలేదని నిజాయితీగా రాసినవాడు, చేలో పడ్డ పెట్టె గురించి కబురుచేసినవాడు, ఇందులో ఎవరు లేకపోయినా ఆ గొలుసు తెగుతుంది. మన సమాజం మొదటివాణ్ణి ఊరేగించి మిగతావాళ్లను మరిచిపోవడం అన్యాయం. పైగా నష్టం కూడా, ఎందుకంటే ఈ రెండో రకం పని ప్రతి బడిలో, ప్రతి ఇంట్లో మొదలుపెట్టగలిగింది.

అందుకే మూడు మాటలు అడుగుతున్నాను. మొదటిది, నిజామియా పాత సంపుటాలు, పలకలు, రిజిస్టర్లు ఎక్కడెక్కడ ఉన్నా వాటిని ప్రభుత్వమూ విశ్వవిద్యాలయమూ చరిత్ర వస్తువులుగానే గాక శాస్త్ర సమాచారంగా చూసి కాపాడాలి. హార్వర్డ్ పలకలు 80 ఏళ్ల తర్వాత మాట్లాడాయి, మనవీ మాట్లాడగలవు. రెండోది, ఫిసల్‌బండలో ఈ ఊరి ఆధునిక ఖగోళశాస్త్రం మొదలైందని చెప్పే పలక ఒకటి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో అక్కడ నిలబడాలి.

మూడోది ఇక్కడ ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థుల కోసం. ఆస్ట్రోశాట్ సేకరించిన సమాచారాన్ని ఇస్రో అందరికీ తెరిచి ఉంచింది. సెంటారస్ ఎక్స్-3 నుంచి వచ్చిన ఎక్స్‌రేల వేళలు మామూలు కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. కాలాన్ని ముక్కలుగా కోసి పేర్చే లెక్క ఇంటర్ గణితానికి అందుతుంది. ఆ పిల్లవాడికి లేదా ఆ అమ్మాయికి 4.8 సెకన్ల దగ్గర శిఖరం లేచిన క్షణాన, 1971లో ఉహురు బృందం చూసినది తన కళ్లతో తాను చూసినట్టే. సార్ పేరు మీద ఏటా ఒక ఉపన్యాసం పెట్టడం మంచిదే. దానితోపాటు ఈ హాల్లో వారానికొక పూట, రెండు పాత కంప్యూటర్లతో, తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ లెక్క నేర్పే తరగతి మొదలుపెడదాం. నేర్పడానికి నేను వస్తాను. ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే మన పాతబస్తీ పిల్లలు తోడొస్తారని నా నమ్మకం. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నా బదులు వాళ్లలో ఒకరు, తాము స్వయంగా కొలిచిన లయను తెర మీద చూపిస్తూ మాట్లాడాలి.